రానివాళ్ళ హాజరు

మంగళవారం పొద్దున సింగపూర్‌లోని జురాంగ్ ఈస్ట్ స్టేషన్లో రైలు మారబోతుంటే ఫోన్ మోగింది. టీచరమ్మ కొడుకు పంపిన సందేశం. "అమ్మ తెల్లవారుజామున నమాజు వేళకు పోయింది. మధ్యాహ్నం నమాజు తరువాత తీసుకెళ్తాం. పాపకు చెప్పండి."

వెనకవాళ్ళు నన్ను తప్పుకుని ఎక్కేశారు. తలుపులు మూసుకున్నాయి. నేను ప్లాట్‌ఫాం మీదే ఉండిపోయాను. పోయిందన్న మాట కంటే చివరి రెండు మాటలు నన్ను పట్టుకున్నాయి. పాపకు చెప్పండి. ఈ కబురు మొదట చేరాల్సింది నాకు కాదని, మా అమ్మాయికని ఆ అబ్బాయికి కూడా తెలుసు. అటు ఆఫీసుకు వెళ్ళే రైలు వదిలేసి, ఇటు మా ఇల్లున్న యూ టీకి తిరిగి వెళ్ళే రైలెక్కాను.

మేమందరం టీచరమ్మ అని పిలిచే ఆవిడ నల్లగొండ వైపు ఒక సర్కారు ప్రాథమిక పాఠశాలలో ముప్పై ఏళ్ళు పైబడి పనిచేశారు. ఒకటో తరగతి, రెండో తరగతి. అక్షరాలు దిద్దించడం, ఎక్కాలు చెప్పించడం, ముక్కులు తుడవడం. ఇంట్లో దక్కనీ ఉర్దూ, బడిలో తెలుగు. రిటైరయ్యాక, భర్త పోయాక, యూ టీలో ఉండే కొడుకు దగ్గరికి వచ్చారు. మా బ్లాకు పక్క బ్లాకే. ఏడేళ్ళ కిందట మా పరిచయం మొదలైంది మాత్రం నా నోటి దురుసు వల్ల.

అప్పటికి మేము సింగపూర్ వచ్చి ఏడాది కూడా కాలేదు. అయినా ఊరి పద్ధతులన్నీ వచ్చేసినట్టు తెగ మిడిసిపడేదాన్ని. ఒక శనివారం మధ్యాహ్నం స్టేషన్ దగ్గరి కాఫీ షాపులో టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి అన్నం తెచ్చుకోవడానికి వెళ్ళాను. ఇక్కడ అందరూ చేసేదే. ప్యాకెట్ పెడితే ఆ చోటు ఎవరో చోప్ చేసుకున్నారని, అంటే ముందే పట్టుకున్నారని లెక్క. ఇంకెవరూ కూర్చోరు. నేనూ, మా అమ్మాయీ ట్రేలు పట్టుకుని తిరిగి వచ్చేసరికి సల్వార్ కమీజు, తల మీద దుపట్టా వేసుకున్న ఒక పెద్దావిడ మా ప్యాకెట్ చేతిలో పట్టుకుని టేబుల్ పక్కన నిలబడి ఉన్నారు.

ఆవిడకు తెలుగు ఎక్కడొచ్చి చస్తుందిలే అనుకుని, "చూశావా, ఈవిడెవరో మన టేబుల్ కొట్టేసేట్టుంది" అన్నాను మా అమ్మాయితో, గట్టిగానే.

ఆవిడ నావైపు తిరిగి, "కొట్టేస్తలేను బిడ్డా, కావలి ఉన్న. ఎవరో మరిచిపోయి పోయినట్టున్నది. ఎవరన్న ఎత్తుకపోతరేమోనని నిలబడ్డ" అన్నారు.

తప్పులు పట్టడమే నా ఉద్యోగం. ఒక బ్యాంకులో వాళ్ళూ వీళ్ళూ రాసిన ప్రోగ్రాముల్లో లోపాలు వెతుకుతాను. అలాంటిదాన్ని, మనిషి బట్టలు చూసి ఆవిడ భాష తేల్చేశాను. సిగ్గుతో చచ్చిపోయి, క్షమించమని పది సార్లు చెప్పి, టిష్యూ కథంతా వివరించాను. ఆవిడ నవ్వారు. ముప్పై ఏళ్ళు పిల్లలు బడిలో వదిలేసి వెళ్ళిన పెన్సిళ్ళూ రబ్బర్లూ దాచిపెట్టిన చేతులట, కనబడిన వస్తువును వదిలి కదలలేదట. కుర్చీ ఖాళీగా ఉన్నా కూర్చోకుండా అంతసేపూ నిలబడే ఉన్నారు. పక్కన కూర్చోబెట్టుకున్నాను.

"మంచిగున్నదే ఈ రివాజు," అన్నారు ప్యాకెట్టును తిప్పి చూస్తూ. "మనిషి లేకున్నా మనిషి జాగ ఉంటది." తరువాత మా అమ్మాయిని అడిగారు. "నీ పేరేంది బిడ్డా?"

పిల్ల నా వెనక్కి నక్కింది. పేరు నేను చెప్పాను. ఏ తరగతి అంటే నేను చెప్పాను. నూడుల్స్ ఇష్టమా అంటే అదీ నేనే చెప్పాను. "కొంచెం సిగ్గండీ దీనికి" అని కూడా అన్నాను. ఆవిడ నన్నూ పిల్లనూ మార్చి మార్చి చూశారు.

సిగ్గు కాదని నాకు తెలుసు. మా అమ్మాయి ఇంట్లో వాగుడుకాయ. తెల్లారి లేచింది మొదలు పడుకునే దాకా నోరు మూయదు. గడప దాటితే మాత్రం ఒక్క మాట పెగలదు. బడిలో చేరి ఎనిమిది నెలలైనా టీచర్లు దాని గొంతు వినలేదు. బాత్రూముకు వెళ్ళాలని అడగలేక ఒకసారి బట్టలు తడుపుకుని వచ్చింది. బడి నుంచి ఉత్తరాలు, కౌన్సెలర్ గారితో సమావేశాలు. వాళ్ళు ఓపికగానే ఉండేవారు. ఓపిక లేనిది నాకే. లిఫ్టులో ఎవరైనా పలకరిస్తే "చెప్పు, హలో చెప్పు" అని పిల్ల భుజం పొడిచేదాన్ని. అది చెప్పకపోతే నేనే చెప్పేదాన్ని. ఇంటికొచ్చాక కోప్పడేదాన్ని, ఆ తరువాత ఏడ్చేదాన్ని. దీని బతుకు ఇలాగే మూగగా గడిచిపోతుందేమోనన్న భయం మనసులో తొలుస్తూ ఉండేది. మా ఆయనతో కూడా ఆ మాట పైకి అనేదాన్ని కాదు.

టీచరమ్మ ఆదివారాలు పిల్లలకు తెలుగు చెప్పడం మొదలుపెట్టింది ఆ తరువాతి నెలలోనే. బడి అని పేరు పెట్టలేదు. మా బ్లాకు కింద వాయిడ్ డెక్‌లో, అంటే ఇళ్ళేమీ లేకుండా స్తంభాలతో ఖాళీగా వదిలే కింది అంతస్తులో, రాతి టేబుళ్ళు, వాటి చుట్టూ గుండ్రటి రాతి పీటలు ఉంటాయి. అక్కడే పది గంటలకు. మొదట నలుగురు, తరువాత తొమ్మిది మంది. సిమెంటు నేల మీద సుద్దతో అక్షరాలు రాయించి, వెళ్ళేముందు తడిగుడ్డతో తుడిపించేవారు. "ఊడ్చేటాయన మనకు నౌకరు కాదు" అనేవారు. పైఅంతస్తులో ఉండే మలయ్ ఆవిడ ఒకరోజు చూసి "చిక్‌గూ" అని పిలిచింది. వాళ్ళ భాషలో టీచరని. అప్పటినుంచి బ్లాకులో అందరికీ ఆవిడ చిక్‌గూ అయిపోయారు.

నేను మా అమ్మాయిని తీసుకెళ్ళి, "ఇది మాట్లాడదు టీచరమ్మా, హాజరు పిలిచినప్పుడు పలకదు, నేను పక్కన కూర్చుంటాను" అన్నాను.

"నువ్వు గా సైకిళ్ళ కాడ కూసో. ఈడ కాదు" అన్నారు.

"అది పలకదండీ..."

"పలకమని ఎవరన్నరు? నా తాన వచ్చినోళ్ళ పేర్లు పిలువ. వచ్చినోడు కండ్ల ముంగటనే ఉన్నడు గద. రానోని పేరు పిలవాలె."

నిజంగానే ఆవిడ హాజరు అంతా తలకిందులు. పొడుగాటి రిజిస్టరు తెరిచి, "ఇయ్యాల రానోళ్ళెవరు?" అని అడిగేవారు. పిల్లలు చుట్టూ చూసుకుని, రానివాళ్ళెవరో చెప్పేవారు. జ్వరమా, ఊరెళ్ళారా, అలిగారా, అన్నీ వాళ్ళే చెప్పేవారు. రానివాళ్ళ పీట మీద ఒక టిష్యూ ప్యాకెట్ పెట్టాలి. వాళ్ళు వచ్చేదాకా ఆ పీట మీద ఎవరూ కూర్చోకూడదు, సంచి కూడా పెట్టకూడదు. కాఫీ షాపులో నా దగ్గర నేర్చుకున్న విద్యను ఆవిడ ఇలా వాడతారని నేను కలలో కూడా అనుకోలేదు. ప్యాకెట్లు స్టేషన్ బయట చక్రాల కుర్చీలో కూర్చుని అమ్మే ముసలాయన దగ్గరే కొనేవారు. వరసగా రెండు ఆదివారాలు ఏ పీట మీదైనా ప్యాకెట్ ఉంటే సోమవారం సాయంత్రం ఆవిడ ఆ ఇంటికి బయలుదేరేవారు. ఊళ్ళో ఉన్నప్పుడు రాని పిల్లల కోసం చేలల్లోకి, పత్తి ఏరే చోట్లకి వెళ్ళేవారట. ఇక్కడ బస్సెక్కి, దిగాల్సిన స్టాపు చీటీ మీద రాయించుకుని బూన్ లే దాకా వెళ్ళేవారు. ముందుగా ఫోన్ చెయ్యండి అని కొడుకు చెబితే, "ఫోన్ చేస్తే ఇల్లు సదురుకుంటరు, కారణం కూడా సదురుకుంటరు" అన్నారట.

ప్యాకెట్లు పెట్టే పని మా అమ్మాయికి అప్పగించారు. నోటితో అవసరం లేని పని. ఎవరు రాలేదో విని, ప్యాకెట్ తీసి, ఆ పీట మీద పెట్టి రావడం. అంతే. కానీ ఆ పని లేకుండా పాఠం మొదలయ్యేది కాదు. వారాలు గడిచాయి. మా అమ్మాయి ప్యాకెట్లను అంచు చూసి, మధ్యగా, ముద్రలాగా పెట్టేది. మాట మాత్రం లేదు. సైకిళ్ళ స్టాండు దగ్గర కూర్చుని నేను కళ్ళు పొడుచుకుని చూసేదాన్ని. నాలుగు నెలలయ్యాక ఉండబట్టలేక, "ఏమీ ప్రయోజనం కనబడటం లేదు టీచరమ్మా, మానిపించేస్తాను" అన్నాను. ఆవిడకు కోపం రావడం అదొక్కసారే చూశాను.

"నీకు కనబడుడు కోసం వస్తున్నదా పిల్ల? నువ్వు దాని తాన నుంచి మాట గుంజుడు బంద్ చెయ్యి. దాని నోటికి నువ్వు అడ్డం నిలబడ్డవ్, జర పక్కకు జరుగు."

మూడు రోజులు నేను ఆవిడతో మాట్లాడలేదు. నాలుగో రోజు కొడుకు చేత ఒక డబ్బాలో సర్వపిండి పంపించారు. తినేసి, కోపం కూడా దానితో పాటే మింగేశాను.

అది జరిగిన నెలకనుకుంటాను, బూన్ లే నుంచి వచ్చే పాప ఇంకా రాలేదు. ఆ పాప పీట మీద ప్యాకెట్ ఉంది. మా బ్లాకులోనే ఉండే చైనీస్ అంకుల్ ఒకాయన, ఒక చేతిలో ఇక్కడి పద్ధతిలో ప్లాస్టిక్ సంచిలో పోసి దారం కట్టిచ్చిన కాఫీ, మరో చేతిలో పేపరు, వచ్చి ఆ ప్యాకెట్టును పక్కకు నెట్టి కూర్చోబోయాడు. టీచరమ్మ చూశారు. చూసి కూడా తల దించుకుని రిజిస్టరులో ఏదో రాసుకోసాగారు. నేను లేవబోయాను. ఆవిడ తల ఎత్తకుండానే ఎడమ చెయ్యి నావైపు చాచి, కూర్చోమన్నట్టు కిందికి ఊపారు.

"అంకుల్, కెనాట్," అంది మా అమ్మాయి. "గాట్ పీపుల్."

చోటు ఖాళీ లేదు, మనిషి ఉన్నారు అని ఇక్కడివాళ్ళు ఎలా అంటారో సరిగ్గా అలాగే. బడిలో వింటూ ఉన్నదంతా లోపల దాచుకున్నట్టుంది. ఆయన అటూ ఇటూ చూసి, "వేర్, గర్ల్? నో పీపుల్ లా" అన్నాడు.

"షీ కమింగ్. బూన్ లే. బస్ లేట్."

"ఓ. సారీ, సారీ" అంటూ ఆయన లేచి, ప్యాకెట్టును మళ్ళీ మధ్యకు జరిపి, వేరే టేబుల్ దగ్గరికి వెళ్ళిపోయాడు.

సైకిళ్ళ మధ్య కూర్చుని నేను చేతులతో నోరు మూసుకున్నాను. టీచరమ్మ ఏమీ జరగనట్టు, "గుణింతం చెప్పుండ్రి" అన్నారు. పాఠం అయ్యాక నేను పిల్లను ఎత్తుకుని ముద్దులు పెట్టబోతుంటే నా మణికట్టు పట్టుకున్నారు. "చప్పట్లు కొట్టకు. మాట్లాడితే ఇంత లొల్లి అయితదని తెలిస్తే మళ్ళ మాట్లాడదు. ఇంటికి పోయి బువ్వ పెట్టు" అన్నారు చిన్నగా. చెప్పినట్టే చేశాను. నా జీవితంలో చేసిన కష్టమైన పనుల్లో అదొకటి.

ఒక్క రోజులో అంతా మారిపోలేదు. బడిలో కౌన్సెలర్ గారు కూడా చాలా కష్టపడ్డారు. ఒక్కో మాట, ఒక్కో మనిషి, రెండేళ్ళు పట్టింది. కానీ నాకు మాత్రం లెక్క ఆ ఆదివారం నుంచే. తనకోసం ఎన్నడూ నోరు విప్పని పిల్ల, రాని మనిషి చోటు కోసం విప్పింది. అది టీచరమ్మకు ముందే తెలుసా అని ఎన్నోసార్లు అడిగాను. "నాకేం తెలుసు? పిల్లలకు పని చెప్పుడే నాకు తెలుసు" అనేవారు.

ఆవిడ దేవత ఏమీ కాదు. మొండి మనిషి. తెలుగు అక్షరాలు ఫోన్ తెర మీద నేర్చుకుంటే చెల్లవనేవారు. లిఫ్టంటే భయం, ఆ భయాన్ని మోకాళ్ళకు మంచిదని చెప్పి కప్పిపుచ్చుకుంటూ నాలుగు అంతస్తులూ మెట్లెక్కేవారు. మా ఇంటి గోంగూర పచ్చడిలో కారం ఎక్కువని విమర్శించి, సీసా మాత్రం ఖాళీ చేసి పంపేవారు.

పోయిన నెల మూత్రపిండాల జబ్బుతో ఆసుపత్రిలో చేరారు. ఆఫీసులో పని తెమలక ఈ ఆదివారం, వచ్చే ఆదివారం అంటూ రెండు వారాలు జరిపాను. మూడో వారం నేనూ, మా అమ్మాయీ వెళ్ళాం. మంచం పక్కనున్న కుర్చీ మీద టిష్యూ ప్యాకెట్ ఉంది. నర్సు రెండు సార్లు తీసి బల్ల మీద పెట్టిందట, ఈవిడ మళ్ళీ కుర్చీ మీదే పెట్టించుకున్నారట. కోడలు చెప్పింది. మా అమ్మాయి ఏమీ అడగకుండా ప్యాకెట్ తీసి జేబులో వేసుకుని ఆ కుర్చీలో కూర్చుంది. నేను నిలబడ్డాను.

"బడి ఎట్లున్నది బిడ్డా?" అన్నారు టీచరమ్మ.

"బాగానే ఉంది టీచరమ్మా, డిబేట్ టీములో కూడా తీసుకున్నారు" అన్నాను నేను.

ఆవిడ మెల్లగా మెడ తిప్పి నావైపు చూశారు. "నిన్ను అడగలే."

నాతో ఆవిడ అన్న చివరి మాట అదే. ఆ తరువాత గంటసేపు మా అమ్మాయి మాట్లాడుతూనే ఉంది, తెలుగూ ఇంగ్లీషూ కలగలిపి, మధ్యమధ్య ఇక్కడి మాటతీరులో చివర ‘లా’ చేరుస్తూ. ఆవిడ కళ్ళు మూసుకుని వింటూ ఉన్నారు. నేను ఈసారి నోరు మూసుకునే ఉన్నాను. ఆ గంటకు నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను.

మంగళవారం నేను ఇల్లు చేరి, బడి ఆఫీసుకు ఫోన్ చేసి, పాపను పంపించమని ఎలా చెప్పాలా అని మాటలు కూడదీసుకుంటుండగానే మా అమ్మాయి ఫోన్ చేసింది. టీచరమ్మ మనవరాలు కూడా అదే బడి, అది ఇంటి నుంచి పంపిన సందేశంతో తెలిసిందట. "అమ్మా, నేనే క్లాస్ టీచర్‌కి చెప్పి బయల్దేరాను. నువ్వు ఎవరికీ ఫోన్ చెయ్యకు" అంది. యూనిఫారంలోనే వచ్చింది. టీచరమ్మ ఇంట్లో సోఫాలు గోడకు జరిపారు. కర్పూరం, అత్తరు వాసన. తెల్లటి గుడ్డలో ముఖం ఒక్కటే కనబడుతోంది. మా అమ్మాయి దగ్గరగా కూర్చుని చాలాసేపు చూసింది. మగవాళ్ళు తీసుకెళ్ళిపోయాక కోడలు లోపలికి వెళ్ళి పొడుగాటి రిజిస్టరు తెచ్చి దాని ఒళ్ళో పెట్టింది.

ఈ ఆదివారం క్లాసు ఉందని ఎవరూ చెప్పలేదు, లేదని కూడా చెప్పలేదు. పదింటికి పిల్లలు దిగారు. కొందరు ఇప్పుడు నాకంటే పొడుగు. బూన్ లే అమ్మాయి అందరికంటే ముందు వచ్చింది. అలవాటు కొద్దీ నేను సైకిళ్ళ దగ్గరే కూర్చున్నాను. మా అమ్మాయి రిజిస్టరు తెరిచింది.

"ఈరోజు రానివాళ్ళెవరు?"

పిల్లలు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. పీటలన్నీ నిండి ఉన్నాయి. ఒక్కటి తప్ప. అందరిలోకి చిన్నపిల్ల, ఈ ఏడే చేరింది, "టీచరమ్మ" అంది. మా అమ్మాయి ఆసుపత్రిలో జేబులో వేసుకున్న ప్యాకెట్ తీసి, ఆ పీట మీద అంచు చూసి మధ్యగా పెట్టింది.

అప్పుడే చైనీస్ అంకుల్ పేపరూ కాఫీ సంచీ పట్టుకుని వచ్చాడు. ఈ ఏడేళ్ళలో జుట్టంతా నెరిసింది. పీటను చూసి, "చిక్‌గూ లేట్, ఆ?" అన్నాడు.

నేను లేవలేదు.

"నో, అంకుల్," అంది మా అమ్మాయి. "చిక్‌గూ పాస్ అవే ఆల్రెడీ. ట్యూస్‌డే."

ఆయన వెళ్ళి ఆ పక్క టేబుల్ దగ్గర కూర్చున్నాడు. పేపరు మాత్రం విప్పలేదు. పిల్లలు గుణింతం చదివారు, ఏడుస్తూనే చదివారు. అయ్యాక నేల మీది సుద్దను తడిగుడ్డతో తుడిచారు. ప్యాకెట్టును ఎవరూ తీయలేదు.

లిఫ్టు దగ్గర నిలబడి వెనక్కి చూశాను. ఎవరో ఒకావిడ కూరగాయల సంచులు మోసుకుంటూ వచ్చి, ఆయాసంగా ఆ పీట మీద కూర్చోబోయింది. పక్క టేబుల్ దగ్గర నుంచి అంకుల్ చెయ్యి ఎత్తాడు.

"సారీ, ఆంటీ," అన్నాడు. "గాట్ పీపుల్."